కందులకు మూడు పొరల గాలి చొరని సంచి: రెండు కాపులు నిల్వ చేసి చూశాక

సంక్రాంతి ముందూ వెనుకా కంది కోతలు ముగిసి, కట్టె ఎండి, కొట్టి తూర్పారబట్టిన తరువాత, మార్కెట్టుకు పోగా మిగిలిన కందుల్లో ఇంటి పప్పుకూ వచ్చే వానాకాలం విత్తనానికీ కలిపి మేము ఏటా క్వింటాలున్నర దాకా ఇంట్లో ఉంచుకుంటాము. మాది వికారాబాద్ జిల్లాలో తాండూరు పక్కన ఒక పల్లె. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి దాని రుచి గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అంత మంచి గింజ ఉగాది దాటేసరికి పుచ్చడం మొదలై, మృగశిర నాటికి విత్తనానికి పనికిరాకుండా పోవడం మాత్రం ఏటా చూస్తూనే ఉన్నాము. ఆ బాధ తట్టుకోలేక 2024 ఫిబ్రవరిలో యాభై కిలోలు పట్టే మూడు పొరల గాలి చొరని సంచులు నాలుగు కొన్నాను. ఆ ఏడాదీ, 2025లోనూ కందులను, కొంత జొన్నను, కొద్దిగా బియ్యాన్ని వాటిలో నిల్వ చేసి చూశాను. గింజ దాచుకునే రైతు ఇంటికి ఈ సంచి కొనదగినదే. అయితే అమ్మేవారు నోరు విప్పి చెప్పని షరతులు దీనికి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పాటించనందుకు నేను నలభై కిలోల జొన్నలు పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

బయటికి కనిపించేది ఎరువుల బస్తా లాంటి మామూలు నేత సంచి. దాని లోపల ఒకదానిలో ఒకటిగా రెండు ప్లాస్టిక్ సంచులు ఉంటాయి, ఒక్కొక్కటి 80 మైక్రాన్ల మందం. వేళ్ల మధ్య నలిపితే పాల ప్యాకెట్టు కంటే దళసరిగా తగులుతుంది. బరువు మోయడం బయటి సంచి పని, గాలిని ఆపడం లోపలి రెండింటి పని. ఒకదానికి చిన్న రంధ్రం పడినా రెండోది కాపాడుతుందన్నది రెండు పొరలు పెట్టడంలోని ఉద్దేశం. నాకు ఒక్కొక్కటి 160 రూపాయలు పడింది. గోనె సంచి ధరకు ఇది మూడింతలు కాబట్టి మొదట కొనడానికి వెనకాడాను. పది కిలోల కందులు పుచ్చిపోతే పోయే డబ్బుతో పోల్చుకున్నాక ఆ వెనుకాట పోయింది.

ఈ రకం సంచికి మూలం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం. అక్కడి కీటక శాస్త్రవేత్త లారీ మర్డాక్, ఆయన సహచరులు 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల కోసం, బొబ్బర్లకు పట్టే పుచ్చు పురుగును మందు లేకుండా ఆపాలని దీన్ని రూపొందించారు. 2007 నుంచి పశ్చిమాఫ్రికా దేశాల్లో పల్లె పల్లెకూ తీసుకుపోయి చూపించారు. అక్కడి బొబ్బర్లను తొలిచే పురుగూ, ఇక్కడ మా కందులను, పెసలను తొలిచే పురుగూ ఒకే కుదురువి కాబట్టి, అక్కడ పనిచేసింది ఇక్కడా పనిచేయాలన్న నమ్మకంతో కొన్నాను. ఇప్పుడు ఇలాంటి సంచులను మన దేశంలోనూ వేరు వేరు సంస్థలు వేరు వేరు పేర్లతో అమ్ముతున్నాయి. నేను వాడింది రెండు చోట్ల కొన్న సరుకు మాత్రమే. పేరు పెట్టి పొగడడానికైనా తప్పు పట్టడానికైనా అది చాలదు కాబట్టి ఏ సంస్థ పేరూ రాయడం లేదు.

సంచి ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే ముందు పురుగు బతుకు తెలియాలి. పురుగు పట్టిన కంది గింజను అరచేతిలో వేసుకొని వెలుతురుకు పట్టి చూస్తే, దాని మీద సూదిమొనంత తెల్లటి చుక్క ఒకటి అతుక్కొని కనిపిస్తుంది. గోటితో గీకితే గాని ఊడదు. సున్నపు మరక అనుకొని చాలామంది వదిలేసే ఆ చుక్కే గుడ్డు. చేలో కాయ ఎండుతున్నప్పుడే కాయల మీద గుడ్లు పెట్టడం మొదలవుతుంది కాబట్టి, ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా పురుగు గింజతోపాటే ఇంటికి వస్తుంది. గుడ్డు అడుగు నుంచే పిల్ల పురుగు నేరుగా గింజలోకి తొలుచుకొని పోతుంది. లోపల పప్పును తింటూ పెరిగి, బయటికి వచ్చే వేళకు పైపొట్టును మాత్రం పలచగా మిగిల్చి ఆగుతుంది. ఆ చోట గింజ మీద గుండ్రటి ముదురు మచ్చ తేలుతుంది. పుల్లమొనతో తాకితే చాలు, పలచటి పెంకులా లోపలికి విరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ మూతను తోసుకొని గోధుమ రంగు పెంకు పురుగు బయటికి వస్తుంది. అది ఇంక గింజ తినదు. పది పన్నెండు రోజులు బతికి, ఆడది 80 నుంచి 100 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మా ఎండల్లో గుడ్డు నుంచి పురుగు దాకా ఒక నెల చాలు. ఫిబ్రవరిలో పది పురుగులున్న బస్తా జూన్‌లో విత్తే నాటికి ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. పైన తిరిగే పురుగులను చాటతో చెరిగి పారేసి, ఒక పూట ఎండలో వేసి, మళ్లీ అదే గోనెలో పోస్తే, గింజల లోపల పెరుగుతున్నవన్నీ భద్రంగా మిగిలే ఉంటాయి. ఏళ్ల తరబడి మేము చేసింది అదే.

గాలి చొరని సంచిలో గింజ పోసి మూతి బిగిస్తే, లోపల చిక్కిన కొద్దిపాటి గాలిలోని ఆక్సిజన్‌ను పురుగులూ, గింజల లోపలి పిల్ల పురుగులూ, కొంతమేర గింజలూ వాడుకుంటాయి, బయటి నుంచి కొత్త గాలి రాదు. కొన్ని రోజుల్లో ఆక్సిజన్ 5 శాతం దిగువకు పడిపోయేసరికి పురుగు తినడం, పెరగడం, గుడ్లు పెట్టడం ఆగిపోతాయి. ఎండిన గింజల మధ్య పురుగుకు తాగడానికి నీళ్లు దొరకవు; తిన్నదాన్ని ఆక్సిజన్ సాయంతో అరిగించుకొని, ఆ అరుగుదలలో పుట్టే తేమతోనే అది బతుకుతుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ తేమా లేదు. అందువల్ల పురుగు ఊపిరాడక చస్తుందనడం కంటే ఒళ్లు ఎండిపోయి చస్తుందనడం సరైనదని మర్డాక్ బృందమే తరువాతి పరిశోధనల్లో చూపింది. మందు లేదు, పొగ లేదు, వాసన లేదు.

ఇదంతా నేను చెప్పినప్పుడు మా అత్తమ్మ ఆశ్చర్యపోలేదు. ఆమె చిన్నతనంలో వాళ్ల ఊళ్లో జొన్నలను పాతరలో పోసేవారు. గట్టి నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప పరచి, జొన్నలు నింపి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవారు. "పాతర మూత తీసినంక ఒక పూటదాక ఎవ్వరు దిగకపోతుండె బిడ్డా. దీపం దించి సూస్తే ఆరిపోతుండె," అని ఆమె చెప్పింది. దీపం ఆరిపోవడమంటే ఆక్సిజన్ బాగా తగ్గిపోవడమే. పాతరలో పురుగు బతకకపోవడానికి కారణమూ అదే. ఆఫ్రికా రైతుల కోసం ప్లాస్టిక్‌తో చేసిన పని మన పల్లెల్లో మట్టితో ఎప్పటినుంచో జరుగుతూ వచ్చిందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. పాతరలో నేల చెమ్మ తగిలి అంచుల గింజ రంగు మారేది, వాసన పట్టేది. ఆ లోపం సంచికి లేదు. అయితే అత్తమ్మకు వచ్చిన అనుమానం మరొకటి, అది నాకు తట్టనిది. "పురుగు సస్తది సరే, మరి ఇత్తనం బతుకుతదా? అది గూడ పానమున్నదే గద," అంది. దానికి జవాబు మాటతో చెప్పకుండా, జూన్‌లో మొలకెత్తించి చూపిస్తానన్నాను.

నాలుగు సంచుల్లో ఒకదానిలో విత్తనపు కందులు, రెండింటిలో తినే కందులు, నాలుగోదానిలో మార్చిలో వచ్చిన యాసంగి జొన్నలు పోశాను. పోల్చి చూడడానికి అదే కుప్పలోని కందులు పది కిలోలు ఎప్పటిలాగే గోనె సంచిలో పోసి అదే గదిలో పక్కన పెట్టాను. కట్టే రోజున అర కిలో కందులు పళ్లెంలో పోసి ఏరితే తొమ్మిది గింజలకు చిల్లులు కనిపించాయి. అంటే పురుగు అప్పటికే ఉంది.

ఏప్రిల్ చివర గోనె సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. బయటి గింజ కంటే లోపలి గింజ వెచ్చగా తగిలింది. చెయ్యి బయటికి తీస్తే మణికట్టు దాకా పిండి పూసినట్టు నుసి అంటుకొని ఉంది, రెండు పురుగులు వేళ్ల సందుల్లో పాకుతున్నాయి. దసరాకు ఆ గోనెను జల్లించి తూచితే పది కిలోలు ఎనిమిది కిలోల చిల్లరకు దిగింది. మిగిలిన గింజల్లో ఒక దోసెడు తీసుకొని చూస్తే సగానికి పైగా చిల్లులే. ఒకే గింజకు రెండేసి, మూడేసి చిల్లులు కూడా ఉన్నాయి. అలాంటి కందులతో పట్టిన పప్పు ఎంత కడిగినా చేదు వాసన పోదు.

తినే కందుల సంచుల్లో ఒకదాన్ని ఫిబ్రవరి నుంచి దసరా దాకా ఒక్కసారి కూడా విప్పలేదు. విప్పిన రోజున బయటి కట్టు, తరువాత రెండో పొర, ఆ తరువాత మూడోది విప్పుతుంటే, ఇంట్లో అందరమూ చుట్టూ కూర్చొని ఉన్నాము. పైవరుసలో ఎండిన పురుగులు ఇరవై మూడు ఏరాను. కాళ్లు ముడుచుకొని, ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉన్నాయి. అనుమానంతో తెల్లగుడ్డ మీద పరచి ఎండలో ఒక గంట ఉంచితే ఒక్కటి కూడా కదలలేదు. మళ్లీ అర కిలో పళ్లెంలో పోసి ఏరితే పన్నెండు గింజలకు చిల్లులున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు అంటే, కట్టిన తరువాత మొదటి రోజుల్లో బయటికి వచ్చినవి కొన్ని ఉండి ఉంటాయి, ఆ తరువాత ఏమీ జరగలేదన్నమాట. గింజ మీద ముదురు మచ్చలు ఉన్నవి అక్కడక్కడా కనిపించాయి. పుల్లతో పొడిచి చూస్తే లోపల పురుగు మూత దాకా వచ్చి ఎండిపోయి ఉంది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికే జరిగిన నష్టాన్ని ఈ సంచి పూడ్చదు. కట్టే నాటికి లోపల తొలిచిన గింజ తొలిచినట్టే ఉంటుంది, చచ్చిన పురుగు గింజలోనే ఉండిపోతుంది. అందువల్ల కొట్టిన వారం పది రోజుల్లోనే ఎండబెట్టి కట్టేయాలి. నెల ఆగి కడితే ఒక తరం పురుగును లోపల పెట్టి కట్టినట్టు అవుతుంది. కొన్నప్పుడే దుకాణదారు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి ఏడాది ఆ పన్నెండు చిల్లులు కూడా ఉండేవి కావు.

విత్తనపు సంచిని జూన్ రెండో వారంలో విప్పి, అందులోంచి నూరు గింజలు, గోనె సంచిలోంచి చిల్లులేనివి చూసి ఏరిన నూరు గింజలు విడివిడిగా తడిగోనె పట్టల్లో చుట్టి పెట్టాము. నీళ్లు చిలకరించే పని అత్తమ్మే చేసింది. ఆరో రోజు విప్పి లెక్కబెడితే సంచిలోని విత్తనం 91 మొలిచింది; గోనెలోనిది, బయటికి నిండుగా కనిపించినవి ఏరినా, 58 మాత్రమే మొలిచింది. కంది విత్తనానికి కనీసం 75 శాతం మొలక ఉండాలన్నది విత్తన ధ్రువీకరణ ప్రమాణం. ఎండిన విత్తనం నిద్రలో ఉన్నట్టుంటుంది. దానికి గాలి అవసరం అతి స్వల్పం, చల్లదనం, పొడితనం ఉంటే చాలు. విత్తనం కొనకుండా ఇంటి విత్తనమే వేసుకునే రైతుకు సంచి ధర ఈ ఒక్క లెక్కలోనే తిరిగి వచ్చినట్టే.

జొన్నల సంగతి వేరు. కంకులు కోసి పరచిన మరునాడే మా చేలో అకాల వాన పడింది. రెండు రోజులు ఎండలో తిప్పి, పైకి పొడిగా కనిపించగానే, మళ్లీ వాన వస్తుందేమోనన్న భయంతో నూర్చి సంచిలో పోసి బిగించేశాను. శ్రావణంలో విప్పేసరికి పులిసిన గంజి వాసన గుప్పుమంది. గింజలు పిడికెడు పిడికెడుగా గడ్డ కట్టి ఉన్నాయి, అడుగున ఆకుపచ్చటి బూజు. పురుగు ఒక్కటీ లేదు, తినదగిన గింజ కూడా లేదు. బూజు పట్టిన గింజ పశువులకూ హాని చేస్తుంది కాబట్టి నలభై కిలోలూ పెంటకుప్పలో పోశాము. గోనె సంచి అయితే కొంత ఆరేది. గాలి చొరని సంచి తేమనూ బయటికి పోనివ్వదు. పచ్చి గింజకు ఇది పరమ శత్రువు. ఇది సంచి లోపం కాదు, నా తొందరపాటు. అయినా సంచి మీద అచ్చువేసిన సూచనల్లో "బాగా ఆరబెట్టండి" అని ఒక్క ముక్క ఉంది గాని, ఎంత ఆరాలో, ఎలా తెలుసుకోవాలో లేదు.

అప్పటి నుంచి నేను పాటించేది ఇది. కందులు, పెసలు వంటి పప్పు గింజల్లో తేమ 10 శాతానికి లోపు, జొన్నలూ విత్తనపు వడ్లూ 12 శాతం దగ్గర ఉండాలి. పంట అమ్మడానికి పోయినప్పుడు మార్కెట్ యార్డులో తేమ కొలిచే యంత్రం దగ్గర ఇంటి గింజ కూడా ఒక గుప్పెడు చూపించుకుంటాను. అది కుదరకపోతే, బాగా ఆరిన గాజుసీసాలో గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి బాగా కుదిపి కాసేపు ఉంచితే, ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతానికి మించి ఉన్నట్టు. అలాంటి గింజ ఏ సంచికీ పనికిరాదు. ఉప్పు అంటుకోకపోయినంత మాత్రాన కందులు కట్టడానికి సిద్ధమని కాదు. పంటి కింద పెట్టి కొరికితే కటుక్కున రెండుగా పగలాలి, పంటి గాటు పడకూడదు. మా వాకిట్లో తాండూరు బండలు పరచి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఆ నాపరాళ్ల మీద పలచగా పరచి, గంటకోసారి కాలితో గీరుతూ తిప్పితే ఫిబ్రవరి ఎండకు నాలుగు రోజులు పట్టింది. ఆరిన గింజను వేడి మీదనే సంచిలో పోయకూడదు. రాత్రంతా నీడలో చల్లార్చి, తెల్లవారి పోయాలి; లేకపోతే వేడి గింజ చల్లబడుతూ ప్లాస్టిక్ లోపల చెమ్మ పట్టిస్తుంది.

ఇక కట్టు. సంచి పనితనమంతా మూతి దగ్గరే ఉంది. గింజ నింపేటప్పుడు మధ్య మధ్య సంచిని నేలకు తట్టి, మూతికి మూరెడు ప్లాస్టిక్ వదిలి, లోపలి పొరను చేతులతో గింజకు అదిమి గాలి బయటికి నెట్టి, ఆ మిగిలిన ప్లాస్టిక్‌ను తాడు పేనినట్టు గట్టిగా మెలిపెట్టి, మెలిని కిందికి మడిచి, మడత మీద కట్టాలి. రెండో పొరకూ అంతే, బయటి సంచికీ అంతే. మూడింటినీ కలిపి ఒకే కట్టు వేస్తే గాలి లోపలికి పోతూనే ఉంటుంది. సంచితో ఇచ్చిన ప్లాస్టిక్ దారం నాకు నచ్చలేదు, రెండు రోజుల్లో సడలింది. పాత సైకిలు ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసి కట్టిన రబ్బరు మాత్రం ఎనిమిది నెలలైనా పట్టు వదలలేదు.

తినే కందుల రెండో సంచిని వారానికీ పది రోజులకూ ఒకసారి విప్పి వాడుకుంటూ వచ్చాను. జూలైలో అందులో బతికిన పురుగులు కనిపించాయి. విప్పిన ప్రతిసారీ కొత్త గాలి పోతుంది. సంచి ఖాళీ అవుతున్నకొద్దీ లోపల గాలికి చోటు పెరుగుతుంది, అది అయిపోయేలోపు పురుగు మళ్లీ ఊపిరి పోసుకుంటుంది. రోజువారీ వాడకానికి ఇది తగదు. 2025లో నెల రెండు నెలలకు సరిపడా కందులు ఒకేసారి తీసి, పప్పు పట్టించి డబ్బాలో పోసుకొని, సంచిని వెంటనే మళ్లీ బిగించాను, ఇబ్బంది రాలేదు. ఈ పురుగు గుడ్డు పెట్టడానికి నున్నటి నిండు గింజను కోరుకుంటుంది కాబట్టి పగలగొట్టిన పప్పు జోలికి అంతగా రాదు.

ఎలుకను ఈ సంచి ఆపదు. పంటి పదునుకు మూడు పొరలూ కలిపి లెక్కే కాదు. మొదటి ఏడాది జొన్నల సంచి అడుగు మూల ఒకటి కొరికింది. ఇప్పుడు బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెడుతున్నాను. పురుగు కూడా కొన్నిసార్లు లోపలి పొరను తొలుస్తుంది. దసరాకు విప్పిన సంచిని ఎండకు పట్టి చూస్తే లోపలి పొరలో సూది బెజ్జాలు రెండు కనిపించాయి, రెండో పొర మాత్రం చెక్కుచెదరలేదు. లోపలి పొర మార్చుకుంటే సంచి రెండు మూడేళ్లు వస్తుంది, కాని ఆ పొరను విడిగా అమ్మేవారు నాకు దొరకలేదు. తయారుచేసేవారు ఈ ఒక్క వసతి కల్పిస్తే రైతుకు ఖర్చు సగం తగ్గుతుంది.

2025లో మరో దుకాణంలో ఆరు సంచులు కొన్నాను. బయటికి అన్నీ ఒకటే. ఇంటికి తెచ్చి చూస్తే రెండింటి అడుగు అతుకు సరిగా పడలేదు. దుకాణంవారు వాపసు తీసుకోలేదు, "వాడితే గట్టిపడతాయి" అన్నారు. ప్లాస్టిక్ అతుకు వాడితే గట్టిపడదు. కొనేవారు అక్కడే, డబ్బు ఇవ్వకముందే, లోపలి పొరలో గాలి నింపి మూతి మెలిపెట్టి, చంకలో అదిమి అతుకుల వెంట చెంప ఆనించి చూడాలి. గాలి కారితే చెంపకు చల్లగా తెలుస్తుంది. దుకాణదారు ఏమనుకుంటాడోనని మొహమాటపడితే ఏడాది తిండి పోతుంది.

పాత పద్ధతులతో పోల్చి చెప్పమని మా ఆడపడుచు అడిగింది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం నిజంగా పనిచేసే పద్ధతే. మట్టి పూత మీద గుడ్డు అంటుకోదు. పెసలకు కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించినా అంతే. కొద్దిపాటి గింజకు అవి చాలు, సంచి అక్కరలేదు. బూడిద కలపడమూ మంచిదే గాని యాభై కిలోలకు బూడిద ఎక్కడ తెస్తాము? వేపాకు విషయంలో జాగ్రత్త అవసరం. సగం ఎండిన ఆకు వేస్తే పురుగు కంటే ముందు చెమ్మ చేరుతుంది. బియ్యంలో బోరిక్ పొడి కలిపే అలవాటు పట్నాల్లో చూశాను. ఎన్నిసార్లు కడిగినా పిల్లలు తినే అన్నంలో ఆ పొడి మిగులుతుందన్న ఆలోచనే నాకు మింగుడుపడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, నిల్వ గింజల్లో పురుగును చంపడానికి వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల గురించి చెప్పాలి. 3 గ్రాముల మాత్ర ఒకటి గాలిలోని చెమ్మ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు విడుస్తుంది. పెద్ద గోదాముల్లో, శిక్షణ పొందినవారు, పట్టాలు కప్పి, రోజుల తరబడి మూసి ఉంచి వాడవలసిన విషం అది. ఇళ్లలో వాడడానికి అనుమతి లేదు. అయినా పల్లెల్లో గుడ్డలో మూటకట్టి బస్తాలో వేసి, అదే గదిలో పడుకునేవారు ఇంకా ఉన్నారు. దానికి విరుగుడు మందు లేదు. నేను ఈ సంచిని ఇంత గట్టిగా సిఫారసు చేయడానికి పెద్ద కారణం ఇదే. సంచి తప్పితే గింజ పోతుంది, మాత్ర తప్పితే మనిషి పోతాడు. మా ఇంట్లో రెండేళ్లుగా మాత్ర అడుగుపెట్టలేదు.

బియ్యం గురించి క్లుప్తంగా. ఇరవై అయిదు కిలోల సన్నబియ్యం నాలుగు నెలలు ఉంచితే ముక్కు పురుగు గాని, గూడు కట్టే బియ్యపు పురుగు గాని కనిపించలేదు, వాసన మారలేదు. కాని నెలకో బస్తా బియ్యం కొనుక్కొని తినే ఇంటికి ఈ సంచి అనవసరపు ఖర్చు. గట్టి మూత ఉన్న డబ్బాను ప్రతిసారీ ఖాళీ చేసి, మూలల్లో నుసి తుడిచి, ఎండలో పెట్టి కొత్త బియ్యం పోసుకుంటే సరిపోతుంది. పాత డబ్బాలో మిగిలిన నాలుగు గింజలే కొత్త బియ్యానికి పురుగును అంటిస్తాయి. డల్లాస్‌లో ఉండే మా మరిది కందిపప్పు, రవ్వ తెచ్చుకోగానే వారం రోజులు ఫ్రీజరులో పెట్టి తరువాత డబ్బాలో పోస్తాడు. కొద్ది సరుకుకు అదీ నమ్మదగిన పద్ధతే, గుడ్లు కూడా చస్తాయి.

నా లెక్కలో ఈ సంచికి ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒకటి, సంచి పనితనానికి కాదు. ఎంత ఆరబెట్టాలో తెలుగులో చెప్పని సూచనల కాగితానికి, విడిగా దొరకని లోపలి పొరకు, చూసుకోకపోతే చేతికి అంటగట్టే అతుకు లోపాలకు. ఈ ఏడాది కందులు వాకిట్లో బండల మీద ఆరుతున్నాయి. నాలుగు సంచులు సిద్ధంగా ఉన్నాయి, గాలి నింపి చూసినవే. విత్తనపు సంచికి మూతి తానే కడతానని అత్తమ్మ నిన్ననే ట్యూబు ముక్కలు కోసి పెట్టింది.